చెరువునూ దాని వెనక పోరంబోకునూ చూసుకుంటూ, చూడవచ్చేవాళ్లను నడిపించడం ఎలా

ఒక చిన్న సంరక్షణ సంస్థలో భూమి బాధ్యత మీకు అప్పగించారు. సందర్శకుల కార్యక్రమం కూడా మీరే చూడాలన్నారు. జీతం ఒకటి, ఉద్యోగాలు రెండు అని మొదట్లో అనిపిస్తుంది. నెల్లూరు జిల్లా మెట్టలో ఒక చెరువు, దాని వెనక పోరంబోకు, ఆ పైన గుట్ట అంచు దాకా కొన్నేళ్లుగా నేను చేస్తున్న పని ఇదే. మొదట్లో మా సంస్థలో ఈ పనులు ఇద్దరు చేసేవాళ్లం, ఎవరి క్యాలెండర్ వాళ్లదే. నేను కూలీలను పెట్టి తుమ్మ కొట్టిస్తున్న రోజునే నా సహోద్యోగి స్కూలు పిల్లల్ని పిలిచారు. పిల్లలు గొడ్డళ్ల చప్పుడు విని, ముళ్లు తొక్కి, ఒక్క పిట్టను కూడా చూడకుండా వెళ్లిపోయారు. రెండూ ఒకే పని అని ఆ రోజు నాకు అర్థమైంది. భూమికి ఏ నెలలో ఏం కావాలో ముందు తేలాలి. ఎవరు రావాలి, ఎంతమంది రావాలి, వచ్చి ఏం చెయ్యాలి అన్నది దాన్నిబట్టి తేలుతుంది. కింద రాసిందంతా ఆ వరుసలోనే ఉంది.

ముందు భూమి ఎవరిదో తేల్చుకోండి

సర్వే నంబర్లతో మొదలుపెట్టండి. గ్రామ సచివాలయంలో సర్వేయర్ దగ్గర ఎఫ్ఎంబీ, అంటే పొలం కొలతల పటం, నకలు అడగండి. వీఆర్వో దగ్గర అడంగల్, అంటే సాగు వివరాల రికార్డు, చూడండి. మీభూమి వెబ్‌సైట్‌లో కొంత కనిపిస్తుంది గానీ, పోరంబోకు విషయంలో పాత సెటిల్‌మెంట్ రిజిస్టర్ ఆర్ఎస్ఆర్‌లో ఏమని రాసి ఉందో చూడనిదే ముందుకు పోవద్దు. చెరువు పోరంబోకు, మేత పోరంబోకు, వాగు పోరంబోకు చూడటానికి ఒకే ముళ్ల కంపలా ఉంటాయి, కానీ కాగితం మీద వేరు వేరు. ఎవరిని అడగాలన్నది కూడా దాన్నిబట్టే మారుతుంది.

సంస్థ పేరున పట్టా ఉన్న భూమి అయితే చాలావరకు మీ ఇష్టం. చెరువు గర్భం ప్రభుత్వానిది. అందులో ఏం చేసినా పంచాయతీ తీర్మానం, ఇరిగేషన్ ఏఈ అనుమతి, 1997 సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం కింద ఏర్పడిన నీటి సంఘం ఒప్పుకోలు ఉండాలి. రిజర్వు ఫారెస్ట్ సరిహద్దు రాయి దాటితే మీ మాట చెల్లదు. అటవీ శాఖ అనుమతి లేకుండా అక్కడికి సందర్శకులను ఒక్క అడుగు కూడా తీసుకెళ్లకండి. ఈ మూడూ ఒకే కాగితం మీద మ్యాపులో మూడు రంగులతో గీసుకోండి. మా ఆఫీసు గోడ మీద ఇప్పటికీ ఆ మ్యాపే ఉంది.

పోరంబోకులో ఎవరో ఒకరు రెండెకరాలు దున్నుకుంటూ ఉంటారు. ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని సుప్రీంకోర్టు 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో రాష్ట్రాలకు గట్టిగానే చెప్పింది. ఆ తీర్పు నకలు దగ్గర పెట్టుకోండి, కానీ మొదటి రోజే దాన్ని చేతపట్టుకుని ఆ రైతు ఇంటికి వెళ్లకండి. ఆ పని రెవెన్యూ వాళ్లది. మీరు ఊళ్లో పది కాలాలు ఉండాల్సిన మనిషి.

ఇంకో కాగితం ఉంది, చాలామంది పట్టించుకోరు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ, ఊళ్లోని మొక్కలు, జీవాల వివరాలు రాసే ఒక ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. మీ ఊరి రిజిస్టర్ తీయించి చదవండి. పేజీలు ఖాళీగా ఉంటే వాటిని నింపడం మీరు ఊరికి చేసే మొదటి సాయం అవుతుంది.

బోర్డు పెట్టకముందు ఒక ఏడాది నడవండి

ఇది రాస్తుంటే మీ కమిటీ సభ్యుల ముఖాలు నాకు కనిపిస్తున్నాయి. దాతలు ఫొటోలు అడుగుతారు, ప్రారంభోత్సవం ఎప్పుడని అడుగుతారు. అయినా ఒక ఏడాది ఆగమని చెప్పండి. వానలు, గూళ్లు, ఎండలు, మేత అన్నీ ఒక చుట్టు తిరిగి కళ్లతో చూడకుండా దారి ఎక్కడ వెయ్యాలో ఎవరికీ తెలియదు.

వారానికి రెండుసార్లు, ఒకసారి తెల్లవారుజామున, ఒకసారి పొద్దువాలే ముందు నడవండి. ఒంటరిగా వద్దు. మా దగ్గర నేను ముగ్గురి వెంట నడిచాను. ఒకరు తూము చూసే లస్కరు. నీళ్లు ఏ నెలలో ఏ రాయి దాకా వస్తాయో, చెరువు నిండాక మిగులు నీళ్లు పోయే కలుజు ఎప్పుడు పారుతుందో ఆయనకు తెలుసు. రెండోవారు చెరువు కట్ట కింద ఉండే యానాది పెద్దావిడ. ఏ గుంటలో ఏ చేప ఉంటుందో, ఏ పొదలో కట్లపాము తిరుగుతుందో ఆమె చెప్పినంత కచ్చితంగా ఏ పుస్తకమూ నాకు చెప్పలేదు. మూడో మనిషి గొర్రెల కాపరి.

ఆ తాతతో మొదటి రోజు జరిగిన మాటలు నాకు బాగా గుర్తు.

"తాతా, ఇక్కడ గడ్డి ఏ నెలలో బాగుంటుంది?"

"అది చెప్తా గానీ, ముందు నువ్వు చెప్పు అబ్బయ్యా. కంచె వేస్తారంటనే, మా గొర్రెలు యాడికి పోవాల?"

కంచె వెయ్యబోమని నేను ఆ రోజే మాటిచ్చాను. సంస్థలో కొందరికి అది నచ్చలేదు. ఆ మాట ఇవ్వకపోయి ఉంటే ఆ మనిషి నాకు ఇంకేమీ చెప్పేవాడు కాదు.

నడిచేటప్పుడు చేతిలో ఒక నోటు పుస్తకం, జేబులో ఫోను చాలు. పది చోట్ల పది రాళ్లకు సున్నం పూసి నంబర్లు వెయ్యండి. నెలకొకసారి అదే రాయి దగ్గర నిలబడి, అదే దిక్కుకు ఒక ఫొటో తియ్యండి. మూడేళ్ల తర్వాత మీ పని గురించి ఆ ఫొటోలు చెప్పినట్టు ఏ రిపోర్టూ చెప్పదు.

గోడకు ఒకే క్యాలెండర్ పెట్టండి

మన జిల్లాల వాన వేరు, ఇది మర్చిపోకూడదు. రాష్ట్రంలో చాలాచోట్ల జూన్‌లో నైరుతితో పని మొదలవుతుంది. మనకు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్యంతో, తుపాన్లతో వస్తుంది. చెరువు నిండేది, పిట్టలు దిగేది, గడ్డి లేచేది అప్పుడే. హైదరాబాద్ నుంచో ఢిల్లీ నుంచో వచ్చే కార్యక్రమాల పట్టికలు అందుకే ఇక్కడ సరిపోవు.

ఒక పెద్ద అట్ట మీద పన్నెండు గళ్లు గీయండి. ప్రతి గడిలో పైన భూమికి పని, కింద మనుషులకు పని రాయండి. పైగడి నింపాకే కిందిది నింపాలి. మా పట్టిక సుమారుగా ఇలా ఉంటుంది. సెప్టెంబరులో గుంతలు తవ్వుతాం, దారులు బాగుచేస్తాం, గైడ్లకు శిక్షణ ఇస్తాం. అక్టోబరులో, చిత్త, స్వాతి కార్తెల్లో మొక్కలు నాటుతాం, ఊరివాళ్లూ కాలేజీ పిల్లలూ వస్తారు. నవంబరు, డిసెంబరుల్లో తుపాను భయం ఉంటుంది, గూళ్లు కట్టే కాలం కూడా. చిన్న గుంపులే, అదీ వాన లేని రోజుల్లో. జనవరి నుంచి మార్చి మొదటి వారాల దాకా వలస బాతులు ఉంటాయి, గూళ్లలో పిల్లలు ఎదుగుతుంటాయి. ఇదే సందర్శకుల సీజన్. ఏప్రిల్, మే నెలల్లో చెరువు ఎండిపోతుంది, ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. బయటివాళ్లను పిలవం. పూడిక, తుమ్మ వేళ్లు తవ్వడం, ఊరితో సమావేశాలు పెట్టుకుంటాం. జూన్ నుంచి ఆగస్టు దాకా తుమ్మ పని సాగుతుంది, నర్సరీ చూసుకుంటాం, స్కూళ్లకు మనమే వెళ్తాం.

మీ చెరువు పెన్నా కాలువ కింద ఉంటే ఎడగారుకు, అంటే ఎండాకాలపు రెండో పైరుకు, నీళ్లు వదిలే రోజులు కూడా ఇందులో రాసుకోవాలి. ఆ రోజుల్లో రైతులకు కట్ట మీద దారి కావాలి, మన బస్సులు అడ్డం ఉండకూడదు.

తుమ్మతో ఓపిగ్గా ఉండండి

సర్కారు తుమ్మ గురించి ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మెట్టలో భూమి బాధ్యత తీసుకున్నవాళ్ల సగం జీవితం దీనితోనే గడుస్తుంది. ఇది మన చెట్టు కాదు. అమెరికా ఖండాల నుంచి వచ్చింది. 1870ల్లో మన కొండల అవతల, కడప ప్రాంతంలో కట్టెల కోసం నాటించారు. ఇప్పుడు చెరువు గర్భాల్లో, వాగుల్లో, మేత భూముల్లో ఇంకో మొక్కను మొలవనివ్వకుండా నిండిపోయింది.

జేసీబీ పెట్టి వారంలో తీసేద్దామనే ఆలోచన అందరికీ వస్తుంది. నాకూ వచ్చింది. అలా చెయ్యకండి. ముందు ఏ చెట్ల మీద గూళ్లు ఉన్నాయో చూడండి. చెరువులో పాత చెట్లు పోయిన చోట నత్తగొట్టు కొంగలు, నీటికాకులు, తెల్ల కొంగలు ఈ తుమ్మ మీదే గూళ్లు కడుతున్నాయి. అది కొట్టేస్తే వాటికి ఇంకో చోటు లేదు. గూళ్లున్న తుమ్మను అలాగే వదిలి, పక్కన మన చెట్లు ఎదిగి గూళ్లు వాటి మీదికి మారాకే దాని సంగతి చూడాలి. దానికి పదేళ్లు పట్టవచ్చు.

మిగతా తుమ్మను ముక్కలు ముక్కలుగా తియ్యండి. ఒక ఏడాదిలో ఎంత భాగాన్ని ఆ తర్వాత మూడేళ్లు కాపాడుకోగలరో అంతే భాగం మొదలుపెట్టండి. పైన కొట్టి వదిలేస్తే అది నాలుగు కొమ్మలకు బదులు నలభై పిలకలు వేస్తుంది. ఆ మొగ్గలు నేల కింద, మొదలూ వేరూ కలిసే చోట ఉంటాయి. కాబట్టి అడుగు లోతు దాకా తవ్వి ఆ ముద్దను బయటికి లాగాలి. ఏప్రిల్ నుంచి ఆగస్టు మధ్య, నేల గట్టిగా ఉన్నా సరే, ఈ పని చేయించండి. కానీ పని మొదలయ్యే ముందు రోజు ఒకరు ఆ మేర అంతా నెమ్మదిగా నడిచి రావాలి. ఎండాకాలంలో తీతువు పిట్టలు గులకరాళ్ల మధ్య నేల మీదే గుడ్లు పెడతాయి, గుడ్లు కూడా రాళ్లలాగే ఉంటాయి. కనబడితే చుట్టూ నాలుగు కర్రలు పాతి, ఆ చోటు వదిలెయ్యండి.

పని అయిపోయిందనుకున్నాక అసలు పని మొదలవుతుంది. నేలలో విత్తనాలు ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. వానపడ్డాక వేలకొద్దీ మొలకలు వస్తాయి. జానెడు ఉన్నప్పుడు చేత్తో లాగితే వస్తాయి, మోకాలెత్తు పెరిగితే గడ్డపార కావాలి. కాలేజీ పిల్లలకు, కంపెనీల వలంటీర్లకు ఇంతకంటే మంచి పని లేదు. పండిన తుమ్మ కాయలు పశువులకూ మేకలకూ ఇష్టం. తిన్నవి పేడలో విత్తనాలు వదులుతాయి, అవి ఇంకా బాగా మొలుస్తాయి. కాయలు రాలే రోజుల్లో, శుభ్రం చేసిన భాగంలోకి మందను ఎప్పుడు తోలకూడదో కాపరులతో కూర్చుని మాట్లాడుకోండి.

కొట్టిన కట్టెలు ఎవరివన్నది ముందే తేల్చుకోండి. పోరంబోకు కట్టెల మీద పంచాయతీకి హక్కు ఉంటుంది, బొగ్గుల బట్టీల వాళ్లు బేరానికి వస్తారు, ఇంటి పొయ్యికి ఏరుకునే ఆడవాళ్లు ఎప్పటినుంచో ఉన్నారు. మా ఊళ్లో లావు మొద్దులు పంచాయతీ వేలం వేసింది, సన్న కట్టెలు ఏరుకునేవాళ్లకు వదిలేశాం. ఈ మాట ముందే తీర్మానంలో రాయించకపోతే మీ మీద నింద పడుతుంది. చెట్లు కొట్టే ముందు వాల్టా (నీరు, భూమి, చెట్ల రక్షణ) చట్టం కింద అనుమతి అవసరమా కాదా అని కూడా తహసీల్దారు ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి.

నాటడం: జూన్ 5న కాదు

ఒకసారి ఒక కంపెనీవాళ్లు పర్యావరణ దినోత్సవానికి మొక్కలు నాటుతామన్నారు. డబ్బు వాళ్లది, టీషర్టులు వాళ్లవి. కాదనలేక ఒప్పుకున్నాను. అది రోహిణి కార్తె. ఎద్దులు కూడా నీడకు చేరే ఎండలో నాటిన మొక్కలకు రెండు నెలలు ట్యాంకరుతో నీళ్లు పోశాం. ఆగస్టుకు వాటిలో బతికినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఆ తప్పు నాది. ఇప్పుడు ఎవరైనా జూన్ 5న వస్తామంటే, తుమ్మ వేళ్లు తవ్వే పనో, నర్సరీలో సంచులు నింపే పనో ఇస్తాను. అదే జట్టును అక్టోబరులో మళ్లీ పిలిచి, తాము నింపిన సంచిలోని మొక్కనే వాళ్ల చేత నాటిస్తాను. వాళ్లకు అది ఎక్కువ నచ్చుతోంది.

గుంత ఒకటిన్నర అడుగు ఉండాలి. మొదటి గట్టి వాన పడ్డాక నాటాలి. నీళ్లు నిలిచే చోట నల్ల తుమ్మ, మద్ది, కానుగ, నేరేడు పెట్టుకోండి. నేలపట్టు పక్షుల అభయారణ్యంలో గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కట్టే కడప చెట్టు నీళ్లలో నెలల తరబడి నిలబడుతుంది, దొరికితే తప్పకుండా తెచ్చుకోండి. పైన గరప నేలలో రేగు, బలుసు, కలివి, ఉసిరి. కొట్టిన తుమ్మ కొమ్మల్లో కాయలు తీసేసి మొక్కల చుట్టూ ముళ్ల గంపలా పేరిస్తే వేరే కంచె అక్కర్లేదు. మొదటి ఎండాకాలం ప్రతి మొక్క పక్కన అడుగున సన్న చిల్లు ఉన్న పాత కుండ పాతి, వారానికోసారి నింపండి.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్తాను. ఖాళీగా కనిపించే ప్రతి చోటా చెట్లు నాటకండి. గడ్డి భూమి కూడా ఒక భూమే. భరత పక్షులు, కుందేళ్లు, తీతువులు అక్కడే బతుకుతాయి. నెల్లూరు గొర్రెలు, పల్ల, జొడిపి, దొర అనే రకాలన్నీ, ఆ గడ్డి మీదే పేరు తెచ్చుకున్నాయి.

మేతకు కట్టుబాటు

గడ్డి భూమిని మూడు భాగాలు చేసుకోండి. అక్టోబరు నుంచి జనవరి దాకా ఒక భాగాన్ని మూసి, గడ్డి గింజ రాలేదాకా మందలు పోకుండా చూడాలి. మిగతా రెండూ తెరిచే ఉంటాయి. మరుసటి ఏడాది మూసేది ఇంకో భాగం. గింజ రాలాక మూసిన భాగంలో గడ్డి కోసుకునే హక్కు ముందు కాపరులకే ఇవ్వండి. సరిహద్దుకు ముళ్ల తీగ వద్దు, సున్నం కొట్టిన రాళ్లు చాలు.

దీన్ని మీరు రాసి తీసుకెళ్లి సంతకాలు పెట్టించుకుంటే నిలవదు. రచ్చబండ దగ్గర వాళ్లే మాట్లాడుకుని, ఏ భాగం ముందో వాళ్లే చెప్పాలి. మొదటి ఏడాది మా దగ్గర పక్క ఊరి మంద ఒకటి మూసిన భాగంలోకి వచ్చింది. నేను పోలీసుల దాకా వెళ్దామనుకున్నాను. మా కాపరి తాత ఆ ఊరి పెద్దలతో ఒక సాయంత్రం కూర్చుని వచ్చాడు. మళ్లీ రాలేదు.

నడిపించేవాళ్లు ఊరివాళ్లే కావాలి

నగరం నుంచి బాగా ఇంగ్లీషు వచ్చిన కుర్రాణ్ని గైడుగా పెట్టుకోవాలనిపిస్తుంది. పెట్టుకోండి, కానీ పక్కన ఊరి మనిషి లేకుండా ఒక్క గుంపు కూడా కట్ట ఎక్కకూడదు. మా దగ్గర ముగ్గురు గైడ్లు ఉన్నారు. ఇద్దరు యానాది కుటుంబాల పిల్లలు, ఒకమ్మాయి డిగ్రీ ఆపేసి ఇంటి దగ్గర ఉన్నది. వాళ్లకు పక్షుల ఇంగ్లీషు పేర్లు నేర్పడం నెల పని. వాళ్లకు ముందే తెలిసినదాన్ని నేను నేర్చుకోవడం ఇంకా పూర్తి కాలేదు.

శిక్షణలో ముఖ్యంగా మూడు నేర్పించండి. బైనాక్యులర్ ఇంకొకరికి ఎలా సరిచేసి ఇవ్వాలి. తెలియని ప్రశ్నకు "తెలియదండీ, చూసి చెప్తాను" అని ఎలా అనాలి. ఎంత పెద్ద మనిషి వచ్చినా "ఇక్కడితో ఆగండి సార్" అని గౌరవంగా ఎలా చెప్పాలి. మూడోది చాలా కష్టం. కట్ట కింద గుడిసెలో పుట్టిన పిల్లవాడు కారు దిగిన మనిషిని ఆపాలంటే, సంస్థ తన వెనక ఉందని వాడికి నమ్మకం కలగాలి. వాడు ఆపినందుకు ఎవరైనా మీకు ఫోన్ చేసి కోప్పడితే, వాడి ముందే ఆ ఫోన్ మాట్లాడండి.

జీతం నెల ఒకటో తేదీకి ఇవ్వండి. సీజన్ లేని నెలల్లో కూడా నర్సరీ, దారుల పని ఇచ్చి పన్నెండు నెలలూ ఉంచుకోండి.

ఇప్పుడు గేటు తెరవండి

దారి గూళ్లకు కనీసం వంద మీటర్ల దూరంలో వెయ్యండి. మధ్యలో పొదలు అడ్డం ఉంటే ఇంకా మంచిది. చూసే చోట తాటాకు తడిక కట్టి, పిల్లల ఎత్తుకొకటి, పెద్దల ఎత్తుకొకటి కిటికీలు కొయ్యండి. వాచ్‌టవర్ కట్టిస్తామని దాతలు వస్తారు. ఆకాశానికి ఎదురుగా కదిలే మనిషి ఆకారం పిట్టలకు మైలు దూరం నుంచి కనిపిస్తుంది. తడికే మేలు.

ఒక గైడుకు పన్నెండు మంది, ఒక పూటకు రెండు గుంపులు. ఈ లెక్క మేం అనుభవంతో పెట్టుకున్నాం. అంతకు ముందు ఒక కాలేజీవాళ్లు యాభై మందని చెప్పి మూడు బస్సుల్లో వచ్చారు. ఎవరో పాట పెట్టారు. గూళ్ల మీద ఉన్న కొంగలన్నీ ఒక్కసారిగా లేచాయి. అవి చుట్టూ తిరిగి మళ్లీ వాలడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాల్లో కాకులు గూళ్లలో దూరడం మేమందరం చూశాం. తల్లి లేచిపోతే గుడ్లకు కాకుల భయమొక్కటే కాదు. ఎండలో తల్లి రెక్కల నీడ లేకపోతే చిన్న పిల్లలు కాసేపటికే వేడికి చచ్చిపోతాయి, బెదిరిన పెద్ద పిల్లలు గూడు జారి నీళ్లలో పడతాయి. ఇప్పుడు ప్రతి గుంపుకూ నడక మొదలయ్యే ముందు ఈ సంగతే చెప్తాం. నిశ్శబ్దంగా ఉండండి అంటే ఎవరూ వినరు. ఎందుకో చెప్తే పదేళ్ల పిల్లవాడు కూడా పక్కవాణ్ని ఆపుతాడు.

పొద్దున ఆరుకు మొదలుపెట్టి ఎనిమిదిన్నరకు ముగించండి. ఎర్రవి, తెల్లవి, మెరిసే బట్టలు వద్దని బుకింగ్ అప్పుడే చెప్పండి. స్పీకర్లు, డ్రోన్లు, ఫోన్‌లో పక్షి కూతలు వినిపించి పిట్టను రప్పించడం మా దగ్గర కుదరవు. ఫొటోలు తీసేవాళ్లకు విడిగా వారానికి ఒక పూట ఇవ్వండి, ఎక్కువ రుసుము తీసుకోండి, తడిక దాటనివ్వకండి. గూడు దగ్గరి ఫొటో ఒకటి బయటికి వెళ్తే మరుసటి వారం అదే ఫొటో కోసం పదిమంది వస్తారు.

ప్రభుత్వ బడి పిల్లల దగ్గర డబ్బు తీసుకోకండి. వాళ్లు ఈ చెరువు పిల్లలు. తరగతికి ఇద్దరు టీచర్లు రావాలని అడగండి, హెడ్‌మాస్టరు అనుమతి కాగితం తీసుకోండి. చూపించి పంపడంతో ఆపకుండా ఒక పని చేయించండి. నత్తగొట్టు కొంగ ఎన్ని నిమిషాలకు ఒక నత్తను పట్టిందో పావుగంట లెక్కపెట్టమంటాం. ఆ ముక్కు మధ్యలో సందు ఎందుకుందో వాళ్లే అడుగుతారు. నేలపట్టు చుట్టుపక్కల రైతులు పిట్టల రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పైరుకు బలమని నమ్మి పిట్టలను కాపాడుకుంటూ వచ్చారని చెప్తే, పిల్లలు ఇంటికెళ్లి నాన్నతో మా చెరువు నీళ్లు కూడా అంతేనా అని అడిగారట.

సూళ్లూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్ జరిగే రోజుల్లో పులికాట్, నేలపట్టు చూసిన జనం మన వైపు కూడా వస్తామంటారు. టెన్షన్ పడకండి, సంఖ్య మాత్రం పెంచకండి. నిండిపోయిందని చెప్పి, ఫిబ్రవరిలో రమ్మనండి.

ప్రాణాల విషయం

మెట్ట చెరువుల్లో అన్నిటికంటే ప్రమాదం మట్టి కోసం తవ్విన గుంతలు. నీళ్లు నిండాక అంతా ఒకే మట్టంగా కనిపిస్తుంది, మోకాలి లోతు పక్కనే రెండు నిలువుల లోతు ఉంటుంది. చెరువు ఎండినప్పుడే ప్రతి గుంతనూ మ్యాపులో గుర్తించి, నీళ్లు వచ్చేలోపు చుట్టూ ఎత్తు కర్రలు పాతి ఎర్ర గుడ్డలు కట్టండి. సందర్శకులు నీళ్లలో కాలు పెట్టడం పూర్తిగా బంద్.

పాముకాటుకు ముందే సిద్ధంగా ఉండండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటికీ ఒకే విరుగుడు మందు పనిచేస్తుంది. అది దగ్గరలో ఏ ఆసుపత్రిలో ఉందో సీజన్ మొదట్లో వెళ్లి కళ్లతో చూసి రండి, ఆ దారి గైడ్లందరికీ తెలియాలి. కాటు పడితే గట్టిగా కట్టు కట్టకూడదు, కొయ్యకూడదు, మంత్రం దగ్గర సమయం పోగొట్టకూడదు. కాటు పడిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చెయ్యాలి. చెరువు వెనక సిగ్నల్ ఎక్కడ అందుతుందో ఆ రాయి నంబరు గైడుకు తెలిసుండాలి.

వాతావరణ శాఖ ఆరెంజ్ హెచ్చరిక ఇచ్చిన రోజు నడక రద్దు, డబ్బు వెనక్కి. 2021 నవంబరులో పడుగుపాడు దగ్గర రైలు కట్టే కొట్టుకుపోయిన వరద చూసినవాళ్లం, ఇందులో మొహమాటం వద్దు.

డబ్బు

రుసుములు, విరాళాలు, కంపెనీల సాయం మూడు వేరు ఖాతాల్లో రాయండి. ప్రతి రూపాయికీ రసీదు ఇవ్వండి. సందర్శకుల రుసుములో ఎంత భాగం పంచాయతీకో, నీటి సంఘానికో వెళ్తుందో ముందే తీర్మానించి, ఆ మొత్తాన్ని అందరి ముందు ఇవ్వండి. సందర్శకుల డబ్బుతోనే భూమి పని నడుస్తుందని మాత్రం లెక్క వేసుకోకండి. అలా వేసుకుంటే డబ్బు తక్కువైన ఏడాది మీరే గుంపులు పెంచుతారు.

లెక్క రాసి, ఊరికి చదివి వినిపించండి

నెలకొకసారి పిట్టల లెక్క, నీటి మట్టం, రాళ్ల దగ్గర ఫొటోలు, బతికిన మొక్కలు, మందల రాకపోకలు, సందర్శకుల సంఖ్య ఒకే రిజిస్టర్‌లో రాయండి. జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది, 1987 నుంచి ప్రతి ఏటా ఉంది. మీ చెరువు లెక్క కూడా అందులో చేర్చండి. పక్షుల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో కూడా పెట్టండి, గూళ్లున్న కచ్చితమైన చోటు మాత్రం రాయకండి.

సందర్శకుల సంఖ్య పక్కనే ఆ నెల గూళ్ల సంఖ్య ఉండాలి. మొదటిది పెరిగి రెండోది తగ్గితే, కారణం తెలిసేదాకా మరుసటి సీజన్ గుంపులు సగం చెయ్యండి.

ఏప్రిల్‌లో, చెరువు అడుగు కనిపించే రోజుల్లో, ఊరి సమావేశం పెట్టి ఆ రిజిస్టర్ మొదటి పేజీ నుంచి చదవండి. తెలుగులో, గట్టిగా, ఖర్చులతో సహా. పోయినేడాది నేను చదువుతుంటే మా కాపరి తాత మధ్యలో ఆపాడు. "గూడబాతులు నవంబరులో దిగినాయని రాసినావు. కాదు. దీపావళికి ముందే రెండు వచ్చి, కలుజు కాడ మూడు దినాలు ఉండి పోయినాయి. నువ్వు ఆ వారం నెల్లూరు పోయుంటివి." పక్కన కూర్చున్న ఇద్దరు ఔనన్నారు. అక్కడే పెన్ను తీసి, ఆయన చెప్పిన తేదీ రాసి, పక్కన ఆయన వేలిముద్ర వేయించాను. మీ రిజిస్టర్‌లో కూడా కుడివైపు ఒక వరుస ఖాళీగా వదలండి, ఊరివాళ్లు దిద్దడానికి.